మా వదిన గాలి మెషీను

కూర్చో అమ్మాయ్, ఆ కుర్చీలో కాదు, దాన్ని నమ్ముకుంటే నడుం విరుగుతుంది. ఇటు కూర్చో. ఏమన్నావ్, ఇన్వర్టరా, జనరేటరా అనా? సరైనవాణ్ణే పట్టుకున్నావ్. ఆ గొడవ మా ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య మాటలు ఆగిపోయేదాకా వెళ్లింది. మా అన్నయ్య వాళ్ల సంగతిలే. మా వదిన నీకు తెలియదు కదూ, నువ్వు ఈ వీధికి రాకముందే పోయింది. కోర్టులో టైపిస్టు. మనిషి రివటలా ఉండేది గానీ, నోరు మాత్రం... జడ్జిగారు తడబడితే చాలు, ఆవిడ వేళ్లు ఆగిపోయేవట. "సరిగ్గా చెప్పండి సార్, అప్పుడు కొడతాను" అనేదట. టైపు కొట్టడం, నవ్వకు.

అలాంటి మనిషికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంటికి పంపిస్తూ ఆక్సిజన్ మెషీను పెట్టుకోమన్నారు డాక్టర్లు. చిన్న బీరువాలా ఉంటుందిలే, గదిలో గాలి పీల్చుకుని, మంచి గాలి గొట్టంలోంచి ముక్కుకి అందిస్తుంది. కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. పక్కన సిలిండరు ఒకటి ఉండేది, అదెంతసేపు వస్తుంది, ఏదో ఆ పూట గడవడానికి. మరి అప్పట్లో మాకు కరెంటు చుట్టం లాంటిది, చెప్పి రాదు, చెప్పి పోదు. అన్నయ్య గుండెల్లో రాయి పడింది. ఫ్యాను కాస్త నెమ్మదిగా తిరిగినా లేచి నిలబడేవాడు పాపం. ఇక జనరేటరు పిచ్చి పట్టుకుంది ఆయనకి. "ఇల్లంతా నడుస్తుందిరా, పెట్రోలు పోసినంతసేపూ ఆగదు" అంటాడు. ఆవిడతో ఒక్క మాట అనలేదు. ఒకటి అద్దెకి తెచ్చి వెనక వసారాలో పెట్టి తాడు లాగాడు. ఇంట్లోకి లారీ వచ్చినట్టే అనుకో, అరల్లో గిన్నెలన్నీ కదిలాయి. చప్పుడు సరే, పొగ! వెనక కిటికీ తెరిచే ఉంది, తిన్నగా ఆవిడ కుర్చీ దగ్గరికే వచ్చింది. దగ్గు మీద దగ్గు, కళ్లు తేలేసింది. నేనూ అన్నయ్యా కుర్చీతో సహా ఎత్తి వాకిట్లోకి తెచ్చి, సిలిండరు గొట్టం పెట్టాం. ఊపిరి కుదురుకున్నాక ఏమందో తెలుసా? "ఊపిరి నాది. ఇంటిల్లిపాదీ దాని గురించి మాట్లాడతారు, నన్ను మాత్రం ఒక్కరూ అడగరేం?" అంది. అన్నయ్య వెళ్లి ఆ జనరేటరు ఆపేశాడు. అదిగో, మాటలు ఆగిపోయింది అప్పుడే.

తర్వాత ఆవిడే ఇన్వర్టర్లమ్మే షాపతన్ని ఇంటికి పిలిపించింది. ముక్కుకి గొట్టంతోనే కూర్చుని, ముద్దాయిని అడిగినట్టు అడిగింది. "ఈ మెషీను, ఒక ఫ్యాను, ఒక లైటు. ఇంకేమీ వద్దు. మీ ఇన్వర్టరు మీద ఎంతసేపు నడుస్తాయి?" అతను తడుముకోకుండా "రోజంతా వస్తుందమ్మా" అన్నాడు. "వస్తుందంటే ఒప్పుకోను, చూపించు" అంది. పెద్ద బ్యాటరీలు బిగించాక, పట్టపగలు మా అందరి ముందూ మెయిన్ స్విచ్చి కిందకి లాగించింది. సిలిండరు చేతికి అందేంత దూరంలో పెట్టుకుందిలే, మొండిది గానీ తిక్కది కాదు. భోజనాలయ్యాయి, కునుకు తీశాం. పొద్దు వాలకముందే ఇన్వర్టరు కుయ్యోమని ఏడుపు మొదలెట్టింది. షాపతని మొహంలో నెత్తురు చుక్క లేదు. తీరా చూస్తే ఏముంది, మా అన్నయ్య గుట్టుగా ఫ్రిజ్ కూడా దానికే తగిలించాడు. "పాలు విరిగిపోతాయేమోనని..." అని నసిగాడు. "పాలు విరిగితే ఇంకో ప్యాకెట్ తెచ్చుకోవచ్చండీ" అంది వదిన. అని తనే నవ్వేసింది. నవ్వితే దగ్గొస్తుంది ఆవిడకి, అయినా నవ్వింది. ఫ్రిజ్ తీయించి మళ్లీ పరీక్ష పెట్టింది. ఈసారి చీకటి పడ్డా ఆగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి వచ్చిందమ్మా గాలివాన. చెట్లు కూలాయి, స్తంభాలు వంగాయి, ఊరంతా కరెంటు లేదు. ఫోన్లు కలవవు. నేనుండేది ఊరికి ఆ చివర. గాలి తగ్గగానే మోకాళ్లలోతు నీళ్లలో పడి బయల్దేరాను. ఏది అనుకోకూడదో దారంతా అదే ఆలోచన. వాళ్ల వీధి మలుపులో ఆగాను. చెవులు రిక్కించాను, ఏడుపులేమైనా వినిపిస్తాయేమోనని. లేవు. తలుపు తోస్తే, మెషీను గుర్రుమంటోంది. వదిన నిద్రపోతోంది. అన్నయ్య ఫ్యాను ఆపేసి, లైటు తీసేసి, చెమటలు కారుతుంటే ఇన్వర్టరు పక్కన నేల మీద కూర్చున్నాడు, పసిపిల్ల ఉయ్యాల దగ్గర కూర్చున్నట్టు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. ప్రాణం లేచొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాను. మా అదృష్టం, వాళ్ల వీధి లైను తెగలేదు, బ్యాటరీ అడుగంటకముందే కరెంటు వచ్చిందిలే. వదిన కళ్లు తెరిచి మా ఇద్దరి వాలకం చూసి, "ఏంటి, ఎవరైనా పోయారా?" అంది.

చాలా ఏళ్లు బతికిందమ్మా ఆ తర్వాత. పోవడం కూడా హాయిగా, నిద్రలోనే పోయింది. నేను వెళ్లేసరికి అన్నయ్య మెషీను ఇంకా ఆపలేదు. నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. "కరెంటు ఉందిరా. రాత్రంతా ఉంది. ఇది ఒక్క క్షణం కూడా ఆగలేదురా." అవునన్నయ్యా, ఆగలేదు, అన్నాను. అప్పుడు లేచి స్విచ్చి తీశాడు...

ఆఁ? నా కళ్లకేమైందా? ఏం లేదు. చూడు, మీ గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నట్టుంది.