మొదటి గ్యాస్ ఓడ

పొద్దున ఏడు గంటలు. రేవు మీది కొండవాలులో ఎవరాల్డ్ ఇంటి వరండా. ముప్పై ఏళ్లుగా ఆ చిన్న దీవికి వచ్చే ప్రతి ఓడనూ దగ్గరుండి రేవులోకి నడిపించిన పైలట్ అతను. ఈ రోజు వచ్చే ఓడను మాత్రం అతని శిష్యురాలు నడిపిస్తుంది.

"అయ్యో, అక్కడ కూర్చోకు! అంత తెల్లటి బట్టలు మా బెంచీ మీద మాసిపోవూ? ఇయాంతా, ఏదైనా దుప్పటి తెచ్చి వెయ్యి. కెప్టెన్ గారొచ్చారు."

"బాబాయ్, అలా అనకండి. నేను జెనెల్‌నే."

"తెల్లారినప్పట్నుంచీ రేడియోలో కెప్టెన్ జెనెల్, కెప్టెన్ జెనెల్ అని ఊదరగొడుతున్నారు. కాదనడానికి నేనెవర్ని?"

"పట్టించుకోకు తల్లీ. మీ బాబాయి లేచినప్పట్నుంచీ ఇంతే. కోకో టీ కూడా చల్లారబెట్టేశాడు. ఉప్పుచేప వేయించాను, రొట్టెలు వేడిగా ఉన్నాయి. తిను."

"వద్దు పిన్నీ. ఏం దిగేలా లేదు."

"భయమా?"

"భయమే బాబాయ్."

"ఎందుకూ? ట్రినిడాడ్‌లో ఆరు వారాలు నేర్పారుగా. తెర మీద ఓడ, తెర మీద సముద్రం. మునిగినా తడవం. హాయి."

"మీరూ వచ్చారుగా, రెండో వారం దాకా—"

"నేను రాలేదు."

"అంటే, మొదట్లో—"

"రాలేదన్నానా! వెళ్లాను, చూశాను, నచ్చలేదు. దాన్ని రావడం అనరు."

"మూడుసార్లు ఓడని ఇసకదిబ్బ మీదికి ఎక్కించాడులే."

"ఇయాంతా!"

"తెర మీదేలే అంటున్నా."

"సరే, నవ్వండి. ఇద్దరూ నవ్వండి. కిందికి చూశావా? జెట్టీ మీద షామియానా. ఇనప డ్రమ్ముల బ్యాండు. బడిపిల్లల చేతుల్లో జెండాలు. ముప్పై ఏళ్లు ఈ దీవికి డీజిల్ తెచ్చిన ఓడల్ని ఎవరు లోపలికి తెచ్చారు? వానలో తెచ్చాను, జ్వరంతో తెచ్చాను. ఒక్కడు, ఒక్కడు జెండా ఊపాడా?"

"నాకూ ఆ బ్యాండు ఇష్టం లేదు బాబాయ్."

"పేపర్లో ఫోటోకి మాత్రం బాగానే నిలబడ్డావు."

"నిలబడమన్నారు."

"నన్నెవరూ నిలబడమనలేదు. సరే, ఎందుకొచ్చావు? ఆశీర్వాదానికా?"

"ఒక్క మాట అడగడానికి. రెండ్రోజులుగా ఉత్తరపు అలలు కొట్టాయి కదా. రేవు నిండా నీళ్లు పేరుకున్నాయి. అవన్నీ మొగలోంచే, ఆ ఇరుకు దారిలోంచే బయటికి పోవాలి. ఆ నీళ్ల లాగుడు ఎన్నింటికి తగ్గుతుంది? ఆటుపోట్ల పట్టికలో పది అని ఉంది."

"పట్టికలో ఉన్నాక నన్నడగడమెందుకు?"

"పట్టిక అలల్ని చూసి రాసింది కాదుగా."

"ఆ తెర వాళ్లని అడగాల్సింది."

"మన మొగ వాళ్లకేం తెలుసు? మీకు తెలుసు."

"ఓహో. ఇప్పుడు గుర్తొచ్చిందన్నమాట, నాకు తెలుసని."

"బాబాయ్, నూట పాతిక మీటర్ల ఓడ. కడుపు నిండా గ్యాస్. లాగుడున్నప్పుడు తెస్తే ముక్కు మొగ పక్కనున్న మేకరాయి వైపు తిరుగుతుంది. చెప్పండి. ఎన్నింటికి?"

"పది."

"పదా?"

"పదంటే పదే. పట్టిక అబద్ధమాడుతుందా? పది కొట్టగానే లోపలికి తెచ్చెయ్."

"సరే బాబాయ్. పది."

"వెళ్లు, వెళ్లు. బ్యాండు వాళ్లు కాచుకుని ఉంటారు."

"పిన్నీ, వెళ్లొస్తా."

"దేవుడు తోడుంటాడు తల్లీ. మెట్లు జాగ్రత్త, తడిగా ఉన్నాయి."

జెనెల్ పైలట్ పడవలో సముద్రంలోకి వెళ్లి, గ్యాస్ ఓడ ఎక్కింది. తొమ్మిదిన్నర దాటినా ఎవరాల్డ్ జెట్టీకి దిగలేదు. దుర్భిణి పట్టుకుని వరండాలోనే కూర్చున్నాడు.

"చొక్కా వేసుకోవయ్యా. నీకూ పిలుపొచ్చిందిగా."

"మూడో వరసలో. చేపల సంఘం వాళ్ల వెనకాల."

"ఎక్కడైతేనేం. ఓడ కనిపిస్తోందా?"

"ఊఁ."

"ఎలా ఉంది?"

"ఓడలా ఉంది."

"ఈ పాత డీజిల్ ఇంజన్లు ఎప్పుడు మూలపడతాయా అని చూస్తున్నా. రోజుకి ఐదు గంటలు కరెంటు కోత. నా ఐసు మొత్తం నీళ్లే. మా చెల్లెలి కూతురు టార్చి లైటు వెలుగులో కన్నది బిడ్డని. ఆ గ్యాస్ దిగి కరెంటు నిలబడితే... వింటున్నావా?"

"వింటున్నా."

"దుర్భిణి అద్దం ఎన్నిసార్లు తుడుస్తావు?"

"మసక పట్టింది."

"ఎవరాల్డ్, ఒకటి అడుగుతా."

"అడక్కు."

"ఉత్తరపు అలలు కొట్టాక నువ్వెప్పుడైనా పదింటికి ఓడ తెచ్చావా?"

"ఎప్పుడో ఒకసారి తెచ్చే ఉంటాను."

"ఒక్కసారీ తేలేదు. అలాంటి రోజున పదకొండుకి గానీ మొగలో అడుగుపెట్టేవాడివి కాదు. ఊరికే కూర్చుని రెండోసారి టిఫిన్ తినేవాడివి. వండింది నేను. నాకు తెలీదా?"

"తెలిస్తే మంచిదే."

"మరి జెనెల్‌కి పది అని ఎందుకు చెప్పావు?"

"పట్టికలో ఉంది."

"నా మొహం చూసి చెప్పు."

"ఏముంది చెప్పడానికి? ఏమీ కాదు. ముక్కు తిరుగుతుంది. పిల్ల బెదిరిపోయి ఓడని వెనక్కి తిప్పుతుంది. రెండు టగ్గు పడవలున్నాయి, లాగుతాయి. షామియానాలో కూర్చున్న మంత్రిగారి ముందు, జెండాల ముందు, వెనక్కి. అంతే."

"అప్పుడు?"

"అప్పుడు నన్ను పిలుస్తారు."

"తిప్పలేకపోతే?"

"తిప్పుతుంది."

"తిప్పలేకపోతే, ఎవరాల్డ్?"

"తిప్పుతుందన్నానా! నేను నేర్పిన పిల్ల. నాకంటే..."

"నాకంటే?"

"ఏం లేదు."

"నాకంటే అన్నావు."

"నాకంటే బాగా తిప్పుతుంది! చాలా? ఆ తెర మీద కూడా మొదటిసారే తిప్పింది. మూడుసార్లు దిబ్బ ఎక్కించినవాణ్ని, వెనక కుర్చీలో కూర్చుని చూశాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కడుపు మండిపోతోందే నాకు. నా మొగ, నా పడవ, నా శిష్యురాలు, ఇక నేనేం చెయ్యాలి, జెండా ఊపాలా?"

"ఊపు. ఏం పోయింది? టైమెంత?"

"పదికి పన్నెండు నిమిషాలు."

"వైర్‌లెస్ తియ్యి."

"తీసి ఏం చెప్పను? అది అందరికీ వినిపిస్తుంది. టగ్గుల వాళ్లు, రేవు ఆఫీసు, చేపల పడవలు..."

"విననీ."

"ముప్పై ఏళ్ల పేరు ఇయాంతా."

"జెనెల్ వాళ్లమ్మ కింద జెట్టీ మీద గొడుగేసుకుని నిలబడింది. కనిపిస్తోందా నీ దుర్భిణిలో? నువ్వు మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా?"

"నీకు మీట నొక్కడం రాదు."

"అయితే నువ్వు నొక్కు."

"ఉండు... జెనెల్. జెనెల్, నేను ఎవరాల్డ్‌ని. వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది బాబాయ్. చెప్పండి."

"ఓడ ఆపు. లోపలికి తిప్పకు. ఆ పట్టిక తప్పు."

"పట్టిక కాదయ్యా."

"ఉండవే... పట్టిక కాదు. నేను. నేను తప్పు చెప్పాను జెనెల్. తెలిసే చెప్పాను, కుళ్లుకుని చెప్పాను. అలలు కొట్టాక పదకొండు దాకా మొగ లాగుతూనే ఉంటుంది. నీళ్లలో తేలే దక్షిణపు బోయా వాలకుండా నిలబడాలి, అప్పుడు రా. అర్థమైందా? ఇంకెవరైనా వింటుంటే వినండి. తప్పు నాదే."

ఎవరాల్డ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"జెనెల్! లోపలికి తిప్పేశావా?"

"లేదు బాబాయ్. రెండు మైళ్ల అవతలే ఉన్నాం. పదకొండుకని ఎక్కగానే ఓడ కెప్టెన్‌కి చెప్పేశాను."

"పదకొండని... నీకెవరు చెప్పారు?"

"మీరే. ఎనిమిదేళ్ల కింద, నేను మీ పైలట్ పడవలో చేరిన మొదటి చలికాలం."

"మరి పొద్దున ఎందుకడిగావు?"

"ఇకమీదట గ్యాస్ ఓడకి ఇద్దరు పైలట్లు ఉండాలట. రెండోవాళ్లకి ఆ తెర పరీక్ష అక్కర్లేదు, మొగ తెలిస్తే చాలు. ఆ రెండో పేరు ఎవరిదో నన్నే రాసివ్వమన్నారు. మొగ సంగతి తెలీక రాలేదు బాబాయ్ మీ ఇంటికి. మిమ్మల్ని నమ్మి ఆ కాగితం మీద మీ పేరు రాయొచ్చో లేదో తెలీక వచ్చాను."