ఖాళీ తొర్ర

బడిపిల్లలు చూసి నేర్చుకోవడానికి గుడ్లగూబ తొర్రలో పెట్టిన కెమెరాను ఆపేసి ఇంటికి బయల్దేరదామనుకుంటుండగా, ఆఫీసులో మిగిలిన ఒకే ఒక్క ఉద్యోగినికి ఫోన్ వచ్చింది.

“అక్కా, నేను ఆరో తరగతి. గుడ్లగూబ కెమెరా ఇవాళ్టితో ఆపేస్తామని మీ వెబ్‌సైట్‌లో పెట్టారు. ఆపొద్దక్కా!”

“దాని పిల్లలు ఎగిరిపోయాయి కదమ్మా. ఖాళీ తొర్రలో ఏముందని చూస్తావ్?”

“చూడను, వింటాను. ఆకుల చప్పుడొస్తుంది. అమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాకా మా ఇంట్లో చప్పుడంటే అదొక్కటే.”

“టీవీ పెట్టుకోవచ్చుగా?”

“టీవీలో వాళ్ళకి వాళ్ళే నవ్వుకుంటారు.”

ఆమె కెమెరా స్విచ్ మీద నుంచి చేయి తీసేసింది. “సరే, ఆపనులే.”

“ఒట్టు?”

“ఒట్టు.”

కాసేపు ఫోన్‌లో ఆకులే గలగలలాడాయి.

“అక్కా! ఎప్పుడూ ‘చూస్తున్నవారు ఒకరు’ అనే ఉంటుంది. ఇప్పుడు ఇద్దరని పడింది. ఎవరో వచ్చారు!”

“నేనేలే.”

“మీకు ఇంటికి ఆలస్యమవదా?”

ఆమె భుజం మీది బ్యాగు దించి, కుర్చీ దగ్గరకు లాక్కుంది.

“మా ఇంటి తాళం నా దగ్గరే ఉందిలేమ్మా.”