గౌను అంచులో మడత

క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా, ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చిన తల్లి తన కూతురి కొత్త గౌనును తిరగేసి చూసింది. టైలరు తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు.

“అన్నా, పాప ఎదిగితే విప్పుకోమని ఏటా అంచులో మడత వదిలేవాడివి కదా. ఈసారి లేదేం?”

“గుడ్డ చాల్లేదమ్మా.”

“మిగిలిన గుడ్డ బల్ల మీదే ఉందన్నా.”

అతని చేతిలో సూది ఆగిపోయింది.

“పాప గురించి డాక్టరు ఏమన్నాడమ్మా?”

“ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నాడు.”

“మరి నువ్వు?”

“దేవుడి మీద భారం వేశాను. భయం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.”

అతను మెల్లగా అంచు కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

“ఆ గుడ్డ అతుకు వేసి, రెండంగుళాల మడత వేస్తానమ్మా.”

“మూడు వెయ్యన్నా. దానికి వాళ్ల నాన్న పొడుగు వస్తుంది.”