వాలు మీది మేకులు

టైర్ల కొట్టు ముందు మెకానిక్ పటకారుతో పాత టైరులోంచి మేకులు పీకుతున్నాడు. ఎక్కి కూర్చుని నడిపే గడ్డి కోసే బండి తెచ్చినాయన పక్కనే నిలబడ్డాడు.

"ఏడు మేకులు సార్! అన్నీ ఒకే రకం. ఎవరో కావాలనే పాతుతున్నారు."

"అందుకేగా, పంక్చరు పడని టైర్లు అడుగుతున్నా."

"గట్టి రబ్బరువి ఉన్నాయి. కాకపోతే తడి గడ్డి మీద, వాలులో జారిపోతాయి. బండి మీరే నడుపుతారా?"

"మా మామగారు. చూపు సరిగ్గా ఆనదు, వద్దంటే వినరు."

"మీ దగ్గర వాలుందా?"

"పెరట్లో ఉంది. దిగితే పాత క్వారీ గుంటే."

"మరి మేకులు ఎక్కడ గుచ్చుకుంటున్నాయి?"

"వాలు మొదట్లోనే, ప్రతిసారీ."

"అయితే ఆయన్ని దిగనివ్వకుండా ఎవరో ఆపుతున్నారు సార్!"

"మా అత్తగారు. తెలుసు. త్వరగా నాలుగూ మార్చెయ్, వానొచ్చేలా ఉంది."