పూత చూడకుండా పెట్టిన పేరు

మోంతెవెర్దె కొండమీద మబ్బు కిటికీ దాకా దిగింది. వేణ్ణీళ్లలో నానబెట్టిన ఎండుపువ్వుని ఆమె సూదితో లెన్సు కిందికి జరిపింది. మెంతిగింజంత పువ్వు. వెనకే ఆమె తండ్రి, ఆమెకి చెట్ల చదువు నేర్పిన మాస్టారు కూడా ఆయనే.

“ఊపిరి తగులుతోంది నాన్నా, కాస్త జరుగు. ఇది చెదిరిపోతే ఇంకోటి లేదు.”

“మెల్లగా తల్లీ. కేసరం చిట్లిందంటే ఇంక అంతే.”

“కేసరం విడదీశాను.”

“కేసరానికి పుప్పొడి బయటికొచ్చే తలుపులు రెండే ఉండాలి. రెండుంటే అది కొత్త జాతే, నేను మీ అమ్మ పేరు పెట్టిన చెట్టే.”

“నాలుగుంటే?”

“కాఫీతోటల గట్లమీద ఉండే మామూలు అడవి అవకాడో, అగువకటిల్లో చెట్టు. జాబితాలోంచి మీ అమ్మ పేరు కొట్టేస్తారు.”

“అసలు పువ్వే చూడకుండా, వట్టి కాయ చూసి కొత్త జాతని పేరెలా పెట్టేశావు? అదే పని నేను చేస్తే చీల్చి చెండాడేవాడివి కాదూ?”

“ముందు తలుపులు లెక్కపెట్టవే.”

ఆమె చూసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. రెండు అనేస్తే కాదనేవాళ్లెవరు? నాన్న కళ్లకి ఇంత చిన్నది ఆనదు.

“ఏమే, ఎన్ని?”

“నాలుగు, నాన్నా.”

ఆయన పుస్తకం, కలం ఆమె ముందుకి జరిపాడు.

“నాలుగనే రాయి. ఆ ఆఖరి రోజుల్లో మీ అమ్మ మంచంమీంచే తిట్టింది, పూత రాకుండా అంత తొందరేమిటయ్యా అని.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? అది పూసేసరికి నువ్వుండవని మీ అమ్మకి ఎలా చెప్పను?”