పీనుగుల జీపు

కోయిలకుంట్ల మెకానిక్ షెడ్డులో, బానెట్ తెరిచిన పాత జీపు పక్కన అక్కాతమ్ముళ్లు నిలబడి ఉన్నారు. జీపు నడిపేది అక్కే.

"దీనికి ఇంజను మార్చేది వద్దుక్కా. కొత్త మోడల్ తీసుకుందాం. పెండ్లి బాడిగలు శానా వస్తాయి."

"ఈ జీపుకెందుకు రావు?"

"పీనుగుల్ని మోసిన బండిలో పెండ్లికూతుర్ని ఎవరన్నా ఎక్కిస్తారా?"

"అయితే కొత్తదాంట్లో పోయినోల్లను ఎక్కించవా?"

"ఎక్కించను. ఈడ బండ్లోల్లందరూ అట్లే చేస్తాండారు."

"అందుకే గదరా, ఆస్పత్రిలో ఎవరు పోయినా జనం నాకు ఫోన్ చేస్తాండేది."

"నిన్ను పీనుగుల జీపు విశ్వాసమ్మ అంటాండారుక్కా!"

"అననీ. కొత్త ఇంజను ఎక్కినాక ముందర అద్దం మీద అదే పేరు రాయిస్తా."

"ఇంత మొండితనం ఎందుకు?"

"నాయన కర్నూలు ఆస్పత్రిలో పోయిన దినం ఎంతమంది బండ్లోల్లను బతిమాలితివి? ఒక్కడన్నా వచ్చెనా? కడాకు నేను తోలుకొచ్చిన ఈ జీపులో, ఆ వెనక సీటు మీద, నాయన తల ఒళ్లో పెట్టుకుని ఇంటికి వస్తివి."

తమ్ముడు ఆ సీటు వైపు చూసి తల దించుకున్నాడు.

అక్క మెకానిక్‌ను కేకేసింది. "ఏమప్పా, పాత ఇంజను దించు. వెనక సీటు మాత్రం ముట్టుకోవద్దు!"