దుప్పికొండ ముసుగు

తవిటమ్మని దుప్పికొండకి పడమటేపు ఊళ్ళో ఇచ్చారంట. పుట్టింది మాత్రం తూరుపేపు, సముద్రం గాలి తగిలే ఊళ్ళో. మధ్యలో కొండ. దారి బాగుంటే ఎక్కి దిగడానికి రెండు రోజుల నడక. అక్కడే ఉన్న ఆమె చెల్లెలు నూకాలుకి తొలికాన్పు. తల్లి లేదు, దగ్గర కూర్చునే ఆడదిక్కు అక్క ఒక్కతే. ‘అక్కా, నెలలు నిండాయి, నువ్వు రాకపోతే నాకు భయం’ అని కబురెట్టింది. తవిటమ్మ మూట కట్టుకుంది. కట్టుకుంటే అయిపోద్దా? అత్తారి ఊళ్ళో కొండెక్కాలంటే ముందు మామగారు వాకిట్లోకొచ్చి కొండకేసి చూడాలి. కొండ నెత్తిన మబ్బుంటే ‘ముసుగేసుకుంది, వాన మనకే, కదలొద్దు’ అంటాడు. మబ్బు లేకపోతే ‘సరే పదండి’ అంటాడు. ఇక్కడే తిరకాసు. తూరుపేపు వాళ్ళు ఇదే కొండని చూసి ఇదే మాట తిరగేసి చెప్పుకుంటారంట. ముసుగేసుకుంటే వాన పైనే చిక్కుకుంది, బయల్దేరు. ముసుగు తీసేస్తే సముద్రపు గాలి లేచింది, సాయంత్రానికి కుమ్మేస్తది, ఆగు. ఒకటే కొండ, ఒకటే మబ్బు అనుకో. పుట్టింట్లో వెళ్ళమన్నది అత్తింట్లో వద్దంటది. మరి పెళ్ళైన ఆడది ఏ కళ్ళతో చూడాలి? చెప్పండి. చెప్పరు, నాకు తెలుసు.

ఆ పొద్దున కొండ కడిగిన పళ్ళెంలా ఉందంట. మామ వెళ్ళమన్నాడు. ‘మా ఊళ్ళో అయితే ఇలాంటప్పుడు ఆగమంటారు మామా’ అంది తవిటమ్మ. అందరూ నవ్వారు. ఆమెకీ ఆగాలని లేదు కాబట్టి మూట ఎత్తుకుంది. ఒక్క ఆడదాన్ని కొండకి ఎలా పంపుతారు? మొగుడు గవరయ్యని తోడిచ్చారు. వాన సంగతి చెప్పడానికి ఒక మగాడుండాలి కదా. మధ్యాహ్నం తిరిగేసరికి దబదబా వాన. ఇద్దరూ తడిసి ముద్దయి ఒక రాతి కింద దూరారు. ‘ఏటి మావా ఇది?’ అంటే, ‘నువ్వు పొద్దున్నే అపశకునం మాట అన్నావు కాబట్టి’ అన్నాడంట. మర్నాడు లేచి చూస్తే కొండకి ముసుగు. ‘కదలొద్దు’ అన్నాడు గవరయ్య. ‘బయల్దేరదాం’ అంది తవిటమ్మ. ఇంతలో పసుపు మూట నెత్తినెట్టుకుని ఒకామె పై నుంచి దిగొచ్చింది. ‘పైన ఎండ మాడ్చేస్తోంది, ఎల్లండి ఎల్లండి’ అంది. ఎక్కారు. ఎక్కగానే వడగళ్ళు! నెత్తి మీద మూటెట్టుకుని పరిగెత్తి మళ్ళీ రాతి కిందకే. ‘ఆడదాని మాట విన్నాను చూడు’ అన్నాడు గవరయ్య. తవిటమ్మ లెక్కా తప్పింది కదా. ఆ మర్నాడు ఒక గొర్రెలాయన దిగొచ్చి, ‘పైన వరద, అడుగెయ్యలేరు’ అన్నాడు. మగాడు చెప్పాడు కదా, గవరయ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ రోజంతా ఏమైందంటే, ఎండ. ఇంతెండ. తడిసిన బట్టలు ఎండాయి, తిరగేస్తే మళ్ళీ ఎండాయి. ‘ఇదేనా మావా వరద?’ అంటే, ‘వరదకి ముందొచ్చే ఎండ’ అన్నాడంట. ఓ లచ్చుమీ, నువ్వు నవ్వకు, మీ ఆయనా ఇలాంటివాడే.

తవిటమ్మకి ఒకటే ధ్యాస. అక్కడ చెల్లెలికి నొప్పులొచ్చాయో రాలేదో. తెల్లారగానే ఆమె ముందు నడిచింది, అతను వెనక. కొండ నెత్తికెక్కారు. ఎక్కితే మంచు. పక్కనున్న మనిషి కనపడడు, చాపిన చెయ్యి కనపడదు. గవరయ్య గాబరాగా, ‘ఓలే, కొండ ముసుగేసుకుందా, తీసేసిందా? సరిగ్గా చూడు’ అన్నాడు. ‘ఎక్కడ చూసేది మావా, ఆ ముసుగులోనే ఉన్నాం’ అంది. పై నుంచి చూస్తే తూరుపు లేదు, పడమర లేదు, వాళ్ళ మాట లేదు, మన మాట లేదు. అయినా మొగుడు కదా, ‘ఇటే’ అన్నాడు. దిగారు. దిగి దిగి, పొద్దు వాలేవేళకి ఒక ఊరొచ్చింది, ఒక వాకిలొచ్చింది. గవరయ్య గొంతెత్తి ‘నూకాలూ! వచ్చేశాం!’ అని కేకేశాడు. తలుపు తీసుకుని ఎవరొచ్చారనుకున్నారు? చీపురు చేత్తో పట్టుకుని గవరయ్య కన్నతల్లి సోములమ్మ.

‘అప్పుడే వచ్చేశారా? నూకాలు ఏం కన్నది?’ అందంట. గవరయ్య గోడకేసి చూశాడు. తవిటమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. మామ బయటికొచ్చి కొండకేసి చూసి, ‘ముసుగేసుకుంది, ఇంక నాలుగు రోజులు ఎవరూ కదలడానికి లేదు’ అన్నాడు. అప్పుడు సోములమ్మ చీపురు కిందెట్టింది. ‘ఓలే తవిటీ, నేనూ ఆ పక్కదాన్నే. మా అమ్మ పోయిందని కబురొచ్చిన రోజు కొండ ముసుగేసుకుందన్నాడు మీ మామ. ముసుగు తీసిన రోజు కోతలున్నాయన్నాడు. మర్నాడు మళ్ళీ ముసుగన్నాడు. దినాలైపోయాయి. నేను ఈ వాకిట్లో నిలబడి కొండని చూస్తానే ఉన్నాను’ అంది. మామ, ‘ఇప్పుడా పాత సంగతెందుకే?’ అన్నాడు. ‘నీకు పాతది’ అంది సోములమ్మ. కోడి కూసేసరికి అత్తాకోడళ్ళిద్దరూ కొంగులు నడుముకి బిగించి వీధిలో ఉన్నారంట. ‘కొండ వంక చూసి వెళ్ళండే!’ అని మామ అరిచాడు. ‘మీరు చూడండి, మేం నడుస్తాం’ అంది సోములమ్మ.

వాళ్ళకి దారి తెలుసనుకున్నారా? ఏం తెలీదు. కొండ నెత్తి మీద మళ్ళీ అదే మంచు. ఒకళ్ళ కొంగు ఒకళ్ళు పట్టుకున్నారు. ‘ఎటే?’ అంది అత్త. ‘ఏమో అత్తా.’ ‘ఇటు దిగుదాం. తప్పయితే మళ్ళీ ఎక్కుదాం.’ దిగారు. తప్పే. లోయలో ముళ్ళడొంక. మళ్ళీ ఎక్కారు. ఇంకోవేపు దిగారు. అదీ తప్పేమో అనుకుంటూనే దిగారంట. మూడో రోజుకి, కాళ్ళు పగిలి రక్తాలు కారుతుంటే, ముక్కుకి ఉప్పుగాలి తగిలింది. వెళ్ళేసరికి నూకాలు నొప్పులు పడుతూ దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడుతోంది. పక్కన మనిషి లేదు. సోములమ్మ చేతులు కడుక్కుని లోపలికెళ్ళింది, తవిటమ్మ చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుంది. చీకటి పడకుండానే పిల్ల పుట్టింది. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చిందంట.

తరవాత నూకాలు, ‘దారిలో వానలా?’ అని అడిగితే, సోములమ్మ ‘ఒకటే వాన’ అంది. తవిటమ్మ ‘లేదత్తా, చివరంతా ఎండే’ అంది. ఇద్దరూ ఒకళ్ళ కొంగు ఒకళ్ళు పట్టుకుని నడిచినవాళ్ళే. ఎవరి మాట నిజమో నాకు తెలీదు, ఈ కథ నాకు చెప్పిన మా అమ్మమ్మకీ తెలీదు. ముసుగేసుకుంటే వెళ్ళాలా, ఆగాలా అని నన్నడక్కండి. పిల్ల పురుడు వెళ్ళేదాకా అత్తాకోడళ్ళు అక్కడే ఉండిపోయారు. ఇక్కడ తండ్రీకొడుకులు వాకిట్లో నిలబడి కొండని చూసుకుంటున్నారు. అన్నాళ్ళూ వాళ్ళకి అన్నం ఎవరు వండిపెట్టారంటారా? ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.